చెప్పేదాకా అంటుకోవద్దు

పోయిన మే పద్నాలుగు, బుధవారం. పొద్దున్నే ఎండు మెత్తళ్ళ చేపలు నంజుకుంటూ చోడి అంబలి తాగి, పరంజ్యోతి మాస్టారు ఆమదాలవలసలోని తమ చర్చికి అందరికన్నా ముందే చేరారు. పదింటికి మేనకోడలు షాలిని పెళ్లి. ఆమె అన్న నరేష్ సముద్రం మీద ఓడ పనిలో ఉన్నాడు. చెల్లెలు "ఒప్పుకుంటున్నాను" అనే మాట అతను వినాలి. చర్చి కంప్యూటరు ద్వారా ఆ ఏర్పాటు మాస్టారిది. భార్య పోయాక ఇలాంటి పనులు తనకు మిగలడం ఒక చిన్న మేలని ఆయన అనుకునేవారు.

కిందటి ఆదివారం చర్చిలో పాటలకు గిటారు వాయించే బెన్హర్ తన గిటారు సౌండు పెట్టె తగిలించగానే కంప్యూటరు స్పీకర్లను వదిలేసి దాన్ని పట్టుకుంది. ఏ పరికరం తగిలించినా దాని పని తెలిసిన డ్రైవరు అనే ప్రోగ్రాము పరుగెత్తుకొచ్చి అంటుకోవడమే చిక్కు. ఒక చిన్న ఫైలులో ఒకటి తీసి సున్నా పెడితే ఆ తొందర ఆగుతుందని మాస్టారు చదివారు. ఆపైన దేనికి ఏది అంటుకోవాలో మనమే టైపు చేసి చెప్పాలి. పెద్దల మాట లేనిదే జత కుదరదన్న పద్ధతి ఆయనకు నచ్చింది. ఆ పొద్దున వచ్చీ రాగానే సున్నా పెట్టారు. బెన్హర్ పెట్టె తగిలిస్తే కంప్యూటరు అటు చూడనైనా లేదు.

తొమ్మిదిన్నరకు నరేష్ తెర మీదికి వచ్చాడు. "మావా, ఈ నెట్టు ఒకపాలి తెగిందంటే మరి దొరకదు," అన్నాడు, హాలంతా వినిపించేలా.

పక్కనే అతని తల్లి ఎలీసమ్మ మగపెళ్లివారు తెచ్చిన చీరను విమర్శిస్తోంది. ఆ మాటలు ఓడ దాకా పోకూడదని మాస్టారు కంప్యూటరులో మైకు ఆపారు.

విమర్శ ముగించి ఎలీసమ్మ బల్ల తుడిచింది. కంప్యూటరు వెనక గోరంత ముక్క కనిపిస్తే పీకి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టేసింది. తీగల్లేని కీబోర్డుకూ మౌసుకూ ఆ ముక్కే ఆధారం. రెండూ ఒక్కసారే మూగబోయాయి.

"ఏటైనాది, అన్నియ్యా?"

"కొత్తగా తగిలించిన దేన్నీ నాను సెప్పేదాకా పట్టుకోవద్దని సెప్పాను."

"అయితే ఇప్పుడు పట్టుకోమని సెప్పు."

"సెప్పాలంటే టైపు సెయ్యాలి."

"సెయ్యి మరి!"

"టైపు సెయ్యాలంటే ముందది కీబోర్డుని పట్టుకోవాలే!"

ఎలీసమ్మ తుడిచే గుడ్డను బల్ల మీద పడేసింది. "నీ సదువు మండిపోను," అంది.

బెన్హర్ ఇంటికి పరుగెత్తి ఇంకో కీబోర్డు తెచ్చాడు. అదీ కొత్తగా తగిలించినదే కదా, పలకలేదు. "ఆపేసి మళ్ళీ ఏద్దుమా, మాస్టారూ?" "ఏస్తే నెట్టు తెగి ఓడ పోతాది," అన్నారు మాస్టారు.

మైకు తెరవాలన్నా మౌసు పలకదు. ఇక మాస్టారు కేకు వచ్చిన అట్టపెట్టె చించి, పాస్టరు గారి ప్రతి మాటా లావుగా రాసి కెమెరాకు చూపించారు. చూసిన ప్రతి ముక్కనూ నరేష్ పైకి చదివాడు. పాస్టరు గారు మెల్లగా అన్న మాట సముద్రం మీంచి రెండింతలై స్పీకర్లలో హోరెత్తింది. మధ్యలో బెన్హర్‌కు చూపిద్దామని రాసిన "ఆ తీగ ముట్టుకోకు" కూడా చదివేశాడు. మగపెళ్లివారు భక్తిగా "ఆమేన్" అన్నారు.

"ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను," అని చదివాడు నరేష్.

"నాకున్నాది!"

పెళ్లికొడుకు ముఖం పాలిపోయింది. ఎలీసమ్మ బెంచీ పట్టుకుంది.

"మావా, ఆ అట్ట పక్కకి తియ్యి! సెల్లి కనపడతలేదు!"

అట్ట తప్పుకుంది. షాలిని కెమెరా వైపు తిరిగి, అన్నకు వినబడదని తెలిసి, పెదవులు నిదానంగా కదుపుతూ "ఒప్పుకుంటున్నాను" అంది. అప్పటిదాకా ప్రతి మాటా చదివినవాడు ఆ ఒక్క మాటనూ చదవలేకపోయాడు. భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

పెళ్లివారు వెళ్ళాక మాస్టారు కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే, సున్నా పోయి ఒకటి తిరిగొచ్చి అన్నీ వాటంతట అవే కలిశాయి. రాత్రికి దీపాలార్పుతూ చూస్తే, పక్క గదిలో పాస్టరు గారు ఇంకా రిజిస్టరు ముందే కూర్చుని ఉన్నారు. "పెళ్లి జరిపించినవారు" అన్న గడి ఖాళీగా ఉంది; తన పేరు రాయాలో నరేష్ పేరు రాయాలో ఆయనకు ఇంకా తేలినట్టు లేదు. మాస్టారు తలుపు మెల్లగా చేరవేశారు.