ప్లగ్గు వదులైతే కాపురం గట్టి

పెళ్ళయిన ప్రతి జంటకీ ఒక పాతకాలపు కంప్యూటరు ఇచ్చి తీరాలి! పెళ్ళి నమోదు చేసే కౌంటరు దగ్గరే సంతకాలు పెట్టించుకుని చేతిలో పెట్టాలి. వద్దన్నవాళ్ళకి సర్టిఫికెట్టు ఇవ్వకూడదు.

నవ్వకండి. ఆషామాషీగా అనడం లేదు. నలభై ఏళ్ళ నాటి కంప్యూటరుతో పద్నాలుగు నెలలుగా కాపురం చేస్తున్న అనుభవంతో అంటున్నాను. కాపురం మీ ఆయనతో కదా అంటారేమో. అది పద్నాలుగు నెలల కిందటి మాట. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. పదవీ విరమణ చేసిన వారానికే పాత సామాన్ల కొట్లో దాన్ని చూశారు. కుర్రతనంలో షాపు అద్దానికి ముక్కు ఆనించి చూసిన కంప్యూటరట. నోటుపుస్తకమంత పెట్టె, మీద రబ్బరు మీటలు. సొంత తెర లేదు, మన టీవీకే తగిలించాలి. జ్ఞాపకశక్తి నలభై ఎనిమిది కిలోబైట్లు. మీ ఫోనులో మీరు కళ్ళు మూసుకుని పడ్డ ఫొటో ఒకటుంటుంది చూడండి, అదొక్కటీ కూడా ఇందులో పట్టదు. కరెంటు తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. అందుకని రాసిన ప్రోగ్రామును టేప్ రికార్డరుకు వైరు తగిలించి, పాటల క్యాసెట్లోకి చప్పుళ్ళ రూపంలో ఎక్కించుకోవాలి!

ఇదెక్కడి దిక్కుమాలిన వస్తువు అని మొదట్లో నేనూ అనుకున్నాను. మెల్లిగా దాని విలువ తెలిసొచ్చింది.

ముందుగా టీవీ సంగతి. దానికి తెర అవసరం కాబట్టి మాకు సీరియళ్ళు లేవు, అరుచుకునే చర్చలు లేవు. నా బీపీ పది పాయింట్లు దిగింది. గది మధ్యలో వైర్లు దాటుకుంటూ నడవడం వల్ల మోకాళ్ళు కొంగ మోకాళ్ళలా వంగుతున్నాయి. ఇదే వ్యాయామానికి మా అక్కయ్య ఎక్కడికో వెళ్ళి ఫీజు కట్టి వస్తోంది!

ఇక దాని భాష. బేసిక్ అంటారు. అందులో ప్రతి లైనుకీ ఒక నంబరుంటుంది. పది, ఇరవై, ముప్ఫై అని పది పది చొప్పున వేస్తారు. ఒకటి, రెండు అని వెయ్యొచ్చుగా అని అడిగాను. "మధ్యలో ఏదన్నా మర్చిపోయామనుకో, ఇరవై అయిదని వేసి ఇరికించుకోవచ్చు" అన్నారు మా ఆయన. మనిషన్నవాడు మర్చిపోతాడని ముందే ఒప్పుకున్న భాష! ఇంత వినయం నేను మా ఇంటి మగవాళ్ళ భాషలో ఎన్నడూ చూడలేదు.

అంతకన్నా గొప్ప గుణం ఇంకొకటుంది. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెబుతుంది. ఎనభయ్యో లైనులో తప్పుందని చూపించి అక్కడే ఆగిపోతుంది. "ఊ" అనదు!

మీ ఇంట్లో అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పేవాళ్ళు ఎందరున్నారు? గ్యాసు అయిపోయిందండీ. ఊ. కుళాయి కారుతోందండీ. ఊ. అక్కయ్యవాళ్ళు రేపు వస్తున్నారండీ. ఊ. మర్నాడు అక్కయ్య గుమ్మంలో నిలబడితే, "అరే, చెప్పా పెట్టకుండా వచ్చారే!" అని ఆశ్చర్యపోవడం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను ఆ ఒక్క అక్షరంతో సంసారం ఈదుకొచ్చాను.

ఆ యంత్రం ప్రశ్న అడిగితే జవాబు కోసం ఆగుతుంది కూడా. తెర మూల చిన్న గుర్తు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఒకరోజు నా పేరేమిటని అడిగింది. స్నానం చేసి, బట్టలు ఆరేసి, కూర దించి వచ్చాను. అలాగే ఆగి ఉంది! నా నోటి మాట కోసం అంతసేపు కనిపెట్టుకుని ఉన్నవాళ్ళని అదే మొదటిసారి చూడటం.

మా ఆయన రాస్తున్నది లిఫ్టు ఆట. అయిదంతస్తుల మేడ, అంతస్తుకో మనిషి, మధ్యలో లిఫ్టు. రిటైరయ్యాక కూడా ఆయనకి లిఫ్టు తప్పలేదు. బేసిక్‌లో రాస్తే అది ఒక అంతస్తు ఎక్కేలోపు నేను వంకాయలు తరిగి పొయ్యి మీద వేసేదాన్ని. ఇలా కాదని అసెంబ్లీ భాష మొదలుపెట్టారు. యంత్రానికి నేరుగా దాని సొంత యాసలో, ఒక్కొక్క అంకె చొప్పున చెప్పడమన్నమాట. మూడు నెలలు తిప్పలు పడ్డారు. చివరికి లిఫ్టు కదిలింది. రెప్ప వేసేలోపు అయిదో అంతస్తులో ఉంది! ఎక్కడం ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు దాన్ని నెమ్మదిగా నడపడానికి ఇంకో నెల. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య యంత్రం చేత ఊరికే వేలకొద్దీ అంకెలు లెక్కపెట్టిస్తారట. పనీపాటా లేకుండా కూర్చోబెట్టడానికి కూడా ప్రోగ్రాము రాయాలన్నమాట!

అసెంబ్లీతో ఒక చిక్కుంది. బేసిక్ మా అమ్మలాంటిది, తప్పు చేస్తే ఎక్కడ చేశావో చెప్పి తిడుతుంది. అసెంబ్లీ మా అత్తగారి కోపం. తప్పేమిటో చెప్పదు, బిగుసుకుపోతుంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే, రాసిందంతా గంగలో కలిసినట్టే. కాబట్టి నడిపే ముందు ప్రతిసారీ టేపులోకి ఎక్కించాలి. అందుకు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ మా ఆయన ఏ మీటా ముట్టుకోకూడదు.

ఖాళీగా కూర్చున్న మొగుడు! నాలుగు నిమిషాలు! నేను వదులుకుంటానా? ఇంట్లో సంగతులన్నీ అప్పుడే చెప్పేదాన్ని.

ఆ సోమవారమూ అలాగే చెప్పాను. నా కుడికంట్లో శుక్లం ముదిరింది. అక్షరాలు ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టున్నాయి. గురువారం ఆపరేషన్. చాలా చిన్న ఆపరేషనేనట, ఇంతవరకూ చేయించుకోనివాళ్ళందరూ నాకు అదే మాట చెప్పారు. టేపు తిరుగుతోంది, ఆయన కూర్చున్నారు, నేను పక్కన నిలబడి చెప్పాల్సింది చెప్పాను. ఆయన అనాల్సింది అన్నారు. నేను వంటింట్లోకి వచ్చేశాను.

బుధవారం పొద్దున కంప్యూటరు పెట్టారు, క్యాసెట్టు వేశారు. ప్రోగ్రాము ఎక్కలేదు. యంత్రం అలవాటు చొప్పున ఓపిగ్గా ఎదురుచూస్తోంది. టేపు తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు. వారం రోజుల పని, ఆ ఒక్క క్యాసెట్టు మీదే చెరిపి చెరిపి ఎక్కించింది! టేపులోకి ఎక్కించాక ఒకసారి సరిచూసుకొమ్మని పుస్తకంలో రాసే ఉంటుంది. తాడు రెండుసార్లు లాగి చూడందే ఒక్క మనిషిని లిఫ్టు ఎక్కనివ్వని ఈయన, సోమవారం తొందరలో సరిచూసుకోలేదు.

అసలు టేపులో ఏముందో విందామని వైరు పీకారు. స్పీకరులోంచి ప్రోగ్రాము కీచుమని అరవాలి. ఫ్యాను చప్పుడు వచ్చింది. తర్వాత నా గొంతు వచ్చింది.

రికార్డరు సాకెట్టు వదులైపోయిందట. ప్లగ్గు సరిగ్గా కూర్చోకపోతే, దానికున్న సొంత మైకు గదిలో మాటలన్నీ పట్టేస్తుందట. లిఫ్టు బదులు నేను ఎక్కాను!

"...గురువారం పదింటికండీ. అక్కయ్య వస్తానంది గానీ, మీరు రండి."

"ఊ."

"అందరూ చిన్నదే అంటున్నారు. నాకేమో భయంగా ఉంది. పత్రికలకి రాసుకునేదాన్ని, కన్ను పోతే ఏం చేస్తానండీ?"

"ఊ."

"వింటున్నారా?"

"ఊ."

తర్వాత కాసేపు ఫ్యాను. ఆ తర్వాత నా చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. నా గొంతులో ఏడుపుందని, మాట్లాడినప్పుడు నాకే తెలియలేదు. ఆయన టేపు వెనక్కి తిప్పారు. తన ప్రోగ్రాము కోసం వెతుక్కుంటున్నారనుకున్నాను. మళ్ళీ వేశారు, మళ్ళీ విన్నారు. మూడోసారి రెండో "ఊ" దగ్గర ఆపేశారు. తప్పున్న లైను దొరికినట్టుంది.

"నేను... ఊ అన్నానా?" అన్నారు.

"మూడుసార్లు."

"నీకు భయంగా ఉందని నాకెందుకు చెప్పలేదోయ్?"

"చెప్పానండీ. మీలో ఎక్కలేదు, అందులో ఎక్కింది."

ఆయన కంప్యూటరు స్విచ్చి ఆపేశారు. పద్నాలుగు నెలల్లో పట్టపగలు దాన్ని కట్టిపెట్టడం అదే మొదలు.

మర్నాడు ఆస్పత్రికి నాకన్నా ముందే తయారయ్యారు. నర్సమ్మ కంటిచుక్కల సంగతి చెబుతుంటే ప్రతి మాటా తిరిగి అడిగి, కాగితం మీద రాసుకున్నారు. ఆవిడ తొంగిచూసి, "ఏంటి సార్, మీకు పది తర్వాత పదకొండు రాదా?" అంది.

"మధ్యలో ఏదన్నా మర్చిపోతే ఇరికించుకోవాలి కదమ్మా" అన్నారు ఈయన, చాలా గంభీరంగా.

ఆపరేషన్ నిజంగానే చిన్నది. కట్టు విప్పి ఇంటికొచ్చాక, ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉన్న ఆ కాగితాన్ని కొత్త కంటితో చదివాను. పది: చేతులు కడుక్కోవాలి. ఇరవై: పొద్దున రెండు చుక్కలు. ముప్ఫై: నల్ల కళ్ళద్దాలు. ఇరవైకీ ముప్ఫైకీ మధ్య వేరే సిరాతో, ఇరుకుగా, ఇరవై అయిదు ఉంది.

"భయంగా ఉందా అని అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి."

ఆపరేషన్ అయిన కంట్లోంచి కొన్నాళ్ళు నీళ్ళు కారతాయని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆపరేషన్ కాని కంటి గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

నాలుగు రోజులు అడిగారు. ఆగారు కూడా. చూశారా మరి? ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను చెయ్యలేని పనిని నలభై ఎనిమిది కిలోబైట్లు, ఒక వదులు సాకెట్టు కలిసి చేసి చూపించాయి. ఇంటింటికీ ఒకటి ఇవ్వాలని నేననడంలో తప్పేముంది?

అయిదో రోజున మా ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని టేప్ రికార్డరు విప్పారు. సాకెట్టు బిగించేశారు! ఎంతయినా నలభై ఏళ్ళు తాళ్ళు బిగించిన చెయ్యి. ఇక ఆ ప్లగ్గు భూకంపం వచ్చినా జారదు. రెండుసార్లు లాగి మరీ చూసుకున్నారు.

నిన్న సాయంత్రం లిఫ్టు మళ్ళీ టేపులోకి ఎక్కుతోంది. పక్కన నిలబడి, "ఏమండీ, మన సంగతంతా పత్రికకి రాసి పంపిస్తున్నాను. మీ ఊలతో సహా. మీకేమీ అభ్యంతరం లేదుగా?" అని అడిగాను.

"ఊ" అన్నారు.

పంపించేశాను.