ఉపకెప్టెన్ ఎవరివాడు?

ఆ రోజు ఉదయం ఫ్రిజ్ మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే. బేకరీ ఆయన ఫ్రీజరు మధ్యాహ్నంలోగా చల్లబడాలి, లేకపోతే అందులో క్రీమంతా నీరుగారిపోతుంది. స్క్రూడ్రైవరు చేతికి తీసుకున్నాడో లేదో, బావమరిది ఫోను పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తుకొచ్చాడు. వాడు పెళ్ళి వీడియోలు తీస్తాడు. పెళ్ళివారు కొట్టుకుంటున్నా కదలని చెయ్యి వాడిది. ఇప్పుడా చేతిలో ఫోను తలకిందులుగా ఉంది.

"బావా, మనకి నోటీసొచ్చింది."

"ఎవరు, కరెంటువాళ్ళా?"

"కాదు. చంద్రుడి కంపెనీవాళ్ళు."

మెకానిక్ అక్కడే ఒక పాత కంప్రెసరు మీద కూలబడ్డాడు.

'తొమ్మిదో చంద్రుడు' అని ఒక సినిమా కంపెనీ తీసిన అంతరిక్షం సినిమాలు ఐదు భాగాలు వచ్చాయి. చదువు మధ్యలోనే మానేసిన మెకానిక్‌కి ఆకాశం గురించి తెలిసిందంతా వాటిలో చూసిందే. అయితే నాలుగో భాగంలో నౌక చెడిపోయి అందులోవాళ్ళంతా చీకట్లో ఉండిపోతారు. ఐదో భాగంలో వాళ్ళ ఊసే లేదు. కొత్త హీరో, కొత్త నౌక. పాతవాళ్ళని ఎవరూ వెనక్కి తీసుకురాకపోవడం మెకానిక్‌కి ముల్లులా గుచ్చుకుంది. కంపెనీ తీసుకురాకపోతే నేనే తీసుకొస్తానన్నాడు.

రెండేళ్ళు ఆదివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. పాత ఫ్రిజ్ తలుపులు నౌక గోడలయ్యాయి, రాగి గొట్టాలు రాక్షసుడి పేగులయ్యాయి. బావమరిది కెమెరా పట్టాడు, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ నటించారు. చివరికి 'తొమ్మిదో చంద్రుడు: తిరుగు ప్రయాణం' అని బావమరిది ఖాతాలో నెట్‌లో పెట్టారు. జనం చూసింది కొన్ని వందలసార్లు. అందులో సగం సార్లు చూసింది మెకానిక్కే. ఇంతకాలం ఒకరు పాడు చేసుకున్నది బాగుచేసి ఇవ్వడమే తప్ప, తన చేత్తో మొదటినుంచీ చివరిదాకా చేసుకున్నది ఆయనకి ఇదొక్కటే.

"ఏమంటారు వాళ్ళు?"

"పేరు మాది, చంద్రుడు మాది, కథ మాది అంటున్నారు. వారంలోగా సరైన జవాబు చెప్పకపోతే తీసేస్తారట."

"చంద్రుడు వాళ్ళదేమిటి, వాళ్ళ తాత కట్టించాడా!"

ఫ్రీజరు అలాగే వదిలేసి ఇద్దరూ ప్లీడరు దగ్గరికి పరిగెత్తారు. ప్లీడరంటే ప్లీడరు కాదు. కోర్టు ఎదురుగా జిరాక్స్ కొట్టు పెట్టుకున్నాయన, వీళ్ళ సినిమా చూసిన కొద్దిమందిలో ఒకడు. వచ్చిన ప్రతి దావా కాగితమూ మిషన్‌లో పెట్టేముందు చదువుతాడు. అలా చదివీ చదివీ, అసలు ప్లీడర్లకి లేని ధైర్యం ఆయనకొచ్చింది.

"చాలా తేలిక," అన్నాడాయన. "కథ మీది కాదు, మా ఇంటిది అని రాయండి. ఏ పాత్ర మీ ఇంట్లో ఎవరో విడమరిచి చెప్పండి. ఇంటి గుట్టు మీద ఏ కంపెనీకీ హక్కుండదు."

"కానీ అది నిజం కాదు కదండీ."

"నిజం సంగతి ఎవడడిగాడు? మంచు గ్రహం చక్రవర్తి ఎవరు, చెప్పండి."

మెకానిక్ ఆలోచించాల్సి వస్తుందనుకున్నాడు. రాలేదు. "మా మామగారు," అనేశాడు.

"నౌకని అడ్డంగా కోసి సగం పట్టుకుపోయే ఉపకెప్టెన్?"

"మా అన్నయ్య. షాపు మధ్యలో గోడ కట్టించాడు."

"పొద్దస్తమానం ప్రమాదం ప్రమాదం అని అరిచే కంప్యూటరు?"

మెకానిక్ ఒకసారి వెనక్కి చూసుకుని, "మా ఆవిడ," అన్నాడు గొంతు తగ్గించి.

"మరి నేను బావా?" అన్నాడు బావమరిది.

"ఛార్జింగ్ ఎక్కని రోబో."

ఇంత సులువుగా జవాబులు ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నాయో మెకానిక్‌కే అర్థం కాలేదు. అబద్ధం చెప్పడానికి కూర్చున్నవాడు తడుముకోవాలి కదా.

బావమరిది అంతా ఫోనులో కొట్టి కంపెనీకి పంపాడు. ఎందుకైనా మంచిదని అదే ముక్క సినిమా కింద, జనం అభిప్రాయాలు రాసేచోట కూడా పెట్టాడు. వాడి జాగ్రత్తంతా ఎప్పుడూ ఇలాంటిచోటే.

వాళ్ళు షెడ్డుకి తిరిగొచ్చేసరికి భార్య చేతిలో ఫోనుతో మేడమెట్ల మీద నిలబడి ఉంది.

"నేను కంప్యూటర్నా?"

"అబ్బే, అది కంపెనీవాళ్ళ కోసం ఊరికే..."

"కంప్యూటరైతే అయ్యాను. ఆ గొంతు ఎవరిదండీ? జిరాక్స్ కొట్లో పనిచేసే అమ్మాయి చేత చెప్పిస్తారా? ఇన్నేళ్ళూ అరిచింది నేనూ, సినిమాలోకి ఆవిడా?"

ఈ వైపు నుంచి దెబ్బ పడుతుందని మెకానిక్ ఊహించలేదు. ఆవిడ మెట్లు దిగి వచ్చేలోపు ఫోను మోగింది. మామగారు.

"ఏమయ్యా అల్లుడూ, నేను రోబోలకి నీళ్ళివ్వకుండా మంచుసింహాసనం మీద కూర్చుంటానా?"

"మామగారూ, అది మామూలు కథండీ."

"కథలోనైనా రోబోలకి నీళ్ళెందుకయ్యా, తుప్పు పట్టిపోవూ! అసలు నీకెప్పుడు నీళ్ళివ్వలేదు నేను?"

"మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు."

"అప్పుడు నువ్వు ఫ్రిజ్ రిపేరుకొచ్చావు. అల్లుడివవుతావని నాకేం తెలుసు?"

"తెలియకపోయినా దాహం వేస్తుంది కదండీ," అన్నాడు మెకానిక్. ఇరవై ఏళ్ళుగా గొంతులో ఉన్న ముక్క అది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

ఆ మీదట అన్నయ్య వచ్చాడు. గోడకి అవతల వాషింగ్ మెషీన్లు బాగుచేసుకునే మనిషి. ఇవతలికి రావాలంటే నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ వెయ్యక ఏళ్ళయింది. వచ్చినవాడు కూర్చోలేదు.

"నేను ద్రోహినట్రా?"

"నువ్వు కాదన్నయ్యా. ఉపకెప్టెన్."

"మీ వదిన ఏడుస్తోంది. విడిభాగాల కొట్లో ఒకడు నన్ను 'ఏం ఉపకెప్టెన్ గారూ' అని పిలిచాడు. అది నేను కాదని నలుగురికీ తెలిసేలా అక్కడే రాయి. అంతకంటే నిన్నేమీ అడగను."

రాస్తానని మెకానిక్ నోరు తెరిచేలోగా బావమరిది గంతేశాడు. "బావా, గెలిచాం! కంపెనీ జవాబిచ్చింది. మీ కుటుంబం మీద మాకు ఏ హక్కూ లేదన్నారు. పేరొక్కటి మార్చుకుంటే సినిమా ఉంచుకోవచ్చట." అంతలోనే వాడి మొహం పాలిపోయింది. "కింద ఇంకో ముక్కుంది. ఇది మీ ఇంటి కథ కాదని తేలితే మాత్రం ఆ నిమిషమే తీసేస్తారట."

షెడ్డులో అందరూ మెకానిక్ వైపు చూశారు. ఉపకెప్టెన్ అన్నయ్య కాదంటే సినిమా పోతుంది. అన్నయ్యే అంటే అన్నయ్య పోతాడు. ప్లీడరుకి ఫోను చేస్తే, "మీ అన్నయ్య మీద కూడా ఒక నోటీసు పడేద్దామా?" అన్నాడాయన ఉత్సాహంగా.

మెకానిక్ గోడకి ఆనించిన నౌక తలుపుల వంక చూశాడు. ఒక్కో తలుపు ఎవరి ఇంటి ఫ్రిజ్‌దో కూడా ఆయనకి గుర్తే. తర్వాత అన్నయ్య చెప్పుల వంక చూశాడు. ఇంకా గుమ్మం బయటే ఉన్నాయవి, అటువైపు తిరిగి.

"ఇలా ఇవ్వరా," అని ఫోను అందుకున్నాడు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ సినిమా కింద కొట్టాడు. 'ఇది మా ఇంటి కథ కాదు. మొత్తం కంపెనీవాళ్ళ సినిమాలోంచి కొట్టేసిందే. మా అన్నయ్యకి ఏ సంబంధమూ లేదు.'

అన్నయ్య అది రెండుసార్లు చదివాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి సినిమా ఉన్నచోట నల్లటి గడి మిగిలింది. భార్య ఆ గడి వైపు చాలాసేపు చూసి, ఎన్నడూ లేనిది ఏమీ అరవకుండా మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

పొద్దువాలేవేళ, నీరుగారిన క్రీముకి బేకరీ ఆయన తిట్టి వెళ్ళాక, అన్నయ్య మళ్ళీ వచ్చాడు. వెనకాల వదిన, ఆవిడ వెనకాల చేతికర్రతో మామగారు.

"ఏదిరా సినిమా? మీ వదినకి చూపిద్దామంటే దొరకదేం?" అన్నాడు.

"తీసేశారన్నయ్యా. నువ్వే కదా..."

"రాయమన్నాను గానీ తీయించెయ్యమన్నానా? నేనింకా చూడందే!"

చూడకుండానే అంత గొడవా అని మెకానిక్ అనలేదు. బావమరిది కంప్యూటర్లో ఉన్న కాపీ తెచ్చి పెట్టాడు. అందరూ పాత ఫ్రిజ్‌ల మీద కూర్చుని చూశారు. ఉపకెప్టెన్ నౌకని కోసుకుని వెళ్ళిపోయేముందు, కిటికీలోంచి వెనక్కి చూస్తాడు. ఆ చూపు కోసం మెకానిక్ ఒక ఆదివారమంతా తీశాడు. అక్కడ అన్నయ్య చెయ్యెత్తి ఆపించాడు.

"గోడ కట్టిన రోజు నేను వెనక్కి చూశానని నీకెలా తెలుసు?"

"నేనూ చూస్తున్నాను కాబట్టి."

అన్నయ్య మళ్ళీ తెర వంక తిరిగాడు. "ఆ నటుడెవడోగానీ మరీ బండగా చూశాడు. నేనలా చూళ్ళేదు. కావలిస్తే నేను చేసి చూపిస్తాను, మళ్ళీ తియ్యి."

అంతే, షెడ్డు సంతయింది. కంప్యూటరు గొంతు ఇకనుంచి తనదేనంది భార్య. సింహాసనం ఉండాలిగానీ, వచ్చినవాళ్ళందరికీ ముందు నీళ్ళిచ్చే సీను ఉండాలన్నారు మామగారు, అల్లుడి వంక చూడకుండా. ఉపకెప్టెన్ నౌకని కొయ్యడం నిజమేగానీ ద్రోహంతో కాదు, ఇరుకై వెళ్ళాడని మార్చాలంది వదిన. కంపెనీకి సంబంధంలేని కొత్త పేరు కూడా పెట్టేశారు. మెకానిక్ అన్నిటికీ తలూపాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి బావా," అన్నాడు బావమరిది, "మరి చెడ్డవాడెవడు?"

మామగారు చేతికర్ర చూసుకున్నారు, అన్నయ్య గోడ వైపు చూశాడు, మెకానిక్ తన చేతులు చూసుకున్నాడు. చివరికి, ఆ ఒక్క పాత్ర మీద మాత్రం సర్వహక్కులూ కంపెనీవాళ్ళవేనని కుటుంబమంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది.