పొట్టకు పైపు, గుమ్మంలో సబ్బు

పాఠకులారా, ఉలిక్కిపడకండి. గాయానికి చీము పట్టడం మహాభాగ్యం! మీరంటే ఎంతమందికి ప్రేమో తేలాలంటే అంతకు మించిన పరీక్ష లేదు.

నా సంగతే వినండి. గొంతుకు ఆపరేషనైంది. మాట లేదు, మింగడం లేదు. కర్నూలు ఆస్పత్రిలో బొడ్డుకు పైన చిన్న కోత పెట్టి పొట్టలోకి పైపు వేశారు. పాలైనా, పలుచటి రాగిజావైనా దాంట్లోంచే. పైపు ఉంటే భోజనం, లేకుంటే పస్తు.

ఆ ఆస్పత్రి వాళ్లకు బొత్తిగా ప్రేమ లేదండీ! పైపు వేయకముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడిచారు. పొట్టంతా మందుతో తుడిచారు. నర్సు సబీనా అయితే గాయం ముట్టే ముందు ప్రతిసారీ చేతులు కడిగేది. నన్ను ముట్టడానికి అంత మడి ఎందుకు? ఫలితం? ఒక్క చీము చుక్క లేదు!

మైదుకూరులో ఇంటికొచ్చాక గానీ ప్రేమంటే ఏమిటో తెలియలేదు. మొదట మా బామ్మర్ది ఓబుళేశు వచ్చాడు.

"యాడ పెట్టినారు బావా, చూడనీ!" అంటూనే కట్టు ఎత్తేశాడు. దారిలో బైకు చైను ఊడితే ఎక్కించుకుని వచ్చిన చేయి అది. పైపు పట్టి రెండుసార్లు లాగాడు. "గట్టిగానే ఉండాది, భయపడొద్దు" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

ఎదురింటి హులిగెమ్మక్క పసుపు అద్దింది. తర్వాత వచ్చిన వాళ్లంతా కట్టు ఎత్తి, తొంగిచూసి, వేలితో నొక్కి మరీ ధైర్యం చెప్పారు. గండికోట చూడ్డానికి కూడా అంతమంది రారేమో!

మనవాళ్లకు శుభ్రత తెలియదని మాత్రం అనకండి. సబీనా చెప్పిందని నా భార్య లక్ష్మీదేవమ్మ గుమ్మంలో బకెట్టు, సబ్బు పెట్టింది. ఒక్కరూ మరవకుండా కడుక్కున్నారు, మోచేతుల దాకా, నురగ వచ్చేట్టు. కాకపోతే పోయేటప్పుడు! నా జబ్బు అంటుకోకూడదు కదా? వారంలోనే రెండు సబ్బులు అరిగిపోయాయి.

ఎనిమిదో రోజు గాయం ఎర్రబడింది. చీము, జ్వరం. మళ్లీ కర్నూలు.

"శానామంది చూసిపోయినారా సార్?" అంది సబీనా. తల ఊపాను. ఇంకోసారి ఇలాగైతే పైపు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. నిజం చెబుతున్నాను, భయమేసింది. ఆకలంటే ఎవరికి భయం ఉండదు?

ఇంటికి రాగానే పలక మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్నాను. ఓబుళేశు రాగానే చేతికిచ్చాను: "పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు కడుక్కో."

కూడబలుక్కుని చదివాడు. కళ్లు చెమర్చాయి. "నిజమే బావా, తప్పయిపాయ" అంటూ పలక నా పక్కన పెట్టి బయటికి నడిచాడు.

గుమ్మంలో నీళ్ల చప్పుడు. చాలాసేపు రుద్దుతున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక లోపలికి వస్తాడని కట్టు సర్దుకుని కూర్చున్నాను.

బైకు స్టార్టయింది. నా పలక పట్టుకున్న చేతులు కడుక్కున్నాడన్నమాట.