చర్చి కూల్చిన అల్లుడు

శనివారం పొద్దున్న గిరిబాబు వేసుకున్న పథకం చాలా సులువైనది. పగలంతా యంత్రాలు సర్దుకుని, చీకటి పడగానే శ్రీకాకుళం పెద్ద చర్చి గోడ మీద ప్రొజెక్టర్లతో తన కదిలే వెలుగుబొమ్మను వేసి ఫాదర్ ఇన్నయ్యకు చూపించాలి. ఆయన తల ఊపితే వచ్చే వారం చర్చి పండుగలో ఊరంతా చూస్తుంది. ఊపకపోతే, ఆయన మొదట్నుంచీ అంటున్నట్టు, సీరియల్ బల్బుల తోరణాలు కట్టి ఊరుకుంటారు. నెలల తరబడి చేసిన బొమ్మ కంప్యూటర్లోనే మగ్గిపోతుంది.

ఇడ్లీ తింటూనే, స్పీకర్లు తెచ్చే నాగబాబుకు ఫోన్లో వివరించాడు.

"ముందు గంట గోపురం పడిపోతాది. తరవాత గోడలు, రాయి రాయీ ఊడిపోతాయి. సౌండుకి గుండెలదిరిపోవాల. రెండు నిమిషాల్లో చర్చన్నదే ఉండకూడదు."

చట్నీ వెయ్యబోతున్న అత్తగారు చిన్నతల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. కూతురు శ్రావణికి ఏడో నెలని ముందురోజే కళింగపట్నం నుంచి వచ్చిందావిడ. అల్లుడిది ఏదో లైట్ల పని అని తెలుసు గానీ, కూల్చే పని కూడా ఉందని తెలియదు. అల్లుడిని నిలదీసే అలవాటు లేదు. కూతురికి చెబితే బెదిరిపోతుంది. అందుకని అరసవల్లిలో ఉన్న తమ్ముడు నరసింగరావుకు ఫోన్ చేసింది.

"ఒరే, మన అల్లుడు పెద్ద చర్చి కూల్చీస్తాడంట్రా! పెళ్లాం కడుపుతో ఉంటే కొబ్బరికాయే కొట్టకూడదు కదేటి, ఈడు దేవుడిల్లే కొట్టీస్తన్నాడు!"

"ఎవులు సెప్పినారు?"

"నా సెవులారా ఇన్నాన్రా!"

కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మే మనిషి నరసింగరావు. "అయితే రోడ్డు ఎడల్పు చేస్తన్నారు గావాల" అన్నాడు. ఆ మాట ఆటో స్టాండుకు చేరేసరికి 'గావాల' రాలిపోయింది. మధ్యాహ్నానికి అది నాలుగు లైన్ల రోడ్డయింది. సాయంత్రానికి దాని మీద ఫ్లైఓవర్ కూడా లేచింది. విజయనగరంలో మీటింగులో ఉన్న ఫాదర్ ఇన్నయ్య, కబురు వినగానే చెప్పులు తారుమారుగా తొడుక్కుని బస్సెక్కేశారు.

ఇవేవీ గిరిబాబుకు తెలియవు. చర్చికి ఎదురుగా ఉన్న మేడ మీది గదిలో, ఫోన్ ఆపేసి, నాగబాబుతో కలిసి ప్రొజెక్టర్లు సర్దుకుంటున్నాడు. పొద్దు గూకాక కిటికీలోంచి కిందికి చూస్తే చర్చి ముందు ఇసక వేస్తే రాలనంత జనం. మెట్ల మీద జపమాలలతో ఆడవాళ్లు, వాళ్ల ముందు చేతులు కలిపి గొలుసుకట్టిన మగవాళ్లు, ఓ పక్క ఎస్సై. గిరిబాబు కళ్లు చెమర్చాయి.

"సూసినావా నాగబాబూ! ట్రయలుకే ఎంతమందొచ్చినారో!"

అని, ఫాదర్ కూడా ఆ జనంలోనే ఉంటారనుకుని మీట నొక్కాడు.

గంట గోపురం ఓసారి ఊగి, భూమి దద్దరిల్లే చప్పుడుతో ముందుకు ఒరిగింది. జనం చెల్లాచెదురై పరిగెత్తారు. అందరికంటే ముందు ఎస్సై ఉన్నాడు. నరసింగరావు ఒక్కడే చేతులు బార్లా చాపి గోపురానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆగరా గిరీ! నన్ను సంపీసి కూల్చు!"

గేదెంత రాయి దొర్లుకుంటూ వచ్చి అతని మీదుగా వెళ్లిపోయింది. అతను కళ్లు తెరిచి ఒళ్లంతా తడుముకున్నాడు. చొక్కాకు దుమ్మైనా అంటలేదు.

అంతలో చీకట్లోంచి చేతులు పుట్టుకొచ్చాయి. ఏనాడో ఆ రాళ్లు మోసిన కూలీల చేతులవి. ఒక్కో రాయినీ ఎత్తి పేర్చుకుంటూ పోయాయి. గోడ లేచింది, గోపురం నిలబడింది, కిటికీల్లో దీపాలు వెలిగాయి. పారిపోయినవాళ్లు ఒక్కొక్కరే నోరు తెరుచుకుని వెనక్కి వచ్చారు.

అప్పుడు రొప్పుకుంటూ దిగారు ఫాదర్ ఇన్నయ్య.

"ఏమైందమ్మా? చర్చి కూలిపోయిందా?"

"కూలిపోనాది బాబూ," అంది మెట్ల దగ్గరున్న చిన్నతల్లి కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ కట్టీసినారు. తమరే ఆలీసమైపోనారు."

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. "ఇంకోపాలి కూల్చమనండి. ఫాదర్‌గారు సూడలేదు."

ఆ రాత్రి చర్చి మరో మూడుసార్లు కూలింది. ఫాదర్ తల ఊపారు. కానీ పండక్కి ముసలివాళ్లు, గుండెజబ్బువాళ్లు వస్తారు కాబట్టి కూలే భాగం తీసెయ్యమన్నారు. గిరిబాబు మనసు చంపుకుని ఆ చోట పూలు పూయించాడు.

పండుగనాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ దిగాయి. గోడంతా పూలు పూశాయి, పావురాళ్లు ఎగిరాయి, ఫాదర్ అందరికీ వందనాలు చెప్పారు. ఒక్కరూ కదల్లేదు. ముందు గొణుగుడు, తరవాత కేకలు, ఆ తరవాత నరసింగరావు నాయకత్వంలో బైఠాయింపు. ఎస్సై మళ్లీ రావలసి వచ్చింది.

ఆ చర్చి ముందు వారంలో అది రెండో ఆందోళన. ఈసారి, చర్చిని కూల్చనందుకు.