చివరి చేనుకు నూటికి తొంభై పాళ్ళు

ఆదివారం ఆరాధన అయ్యాక మామగారింట్లో కోడికూర తిని, అందరూ కుదురుగా కూచున్నప్పుడు ప్రసన్నకుమార్ లాప్‌టాప్ తెరిచాడు. అతను గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాడు. పెళ్ళయినప్పటినుంచీ అతను చెప్పేదేమిటో మామగారి ఊళ్ళో ఎవరికీ అంతుబట్టలేదు. "లెక్కల మేష్టారా?" అంటారు. కాదంటే "మరి సైన్సా?" అంటారు.

మామగారు ఆదాం రిటైరైన బడిపంతులు, చర్చిలో సంఘ పెద్ద. ఆయన మిరపచేను కాలువకు అట్టచివర ఉంది. మొదటి కోత అయింది. రెండో కోతకు పూతా పిందే నిలవాలంటే ఒక్క తడి పడాలి. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో ముందుగా ఎవరూ చెప్పరు. వదిలినా చివరిదాకా రావు.

"గురువారం పొద్దున్నకల్లా వస్తాయి మామయ్యగారూ," అన్నాడు ప్రసన్నకుమార్, తెరమీద నీలం గీత చూపిస్తూ. "నూటికి తొంభై పాళ్ళు."

"మిగతా పది?"

"అది దేవుడి చేతిలో ఉందండీ."

"అయితే మనకి వచ్చినట్టే," అన్నారు సంఘ పెద్ద.

ఎగువన వదిలే నీళ్ళెన్ని, భూమిలోకి ఇంకేవెన్ని, ఎండకి ఆవిరయ్యేవెన్ని, అన్నీ అతను కంప్యూటర్లో కట్టిన మోడల్‌లో ఉన్నాయి. గేదెలు తాగేదానిక్కూడా ప్రసన్నకుమార్ ఒక అంకె వేశాడు. మనుషులు ఇంజన్లు పెట్టి తోడేదానికి మాత్రం వెయ్యలేదు. కాలువలో ఇంజన్లు పెట్టరాదని గట్టు మీద బోర్డు ఉంది మరి.

ఆదాం గారు ఆ గీతని "మా అల్లుడుగారి లెక్క" అని రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి అది కాలువ పొడుగునా పాకింది. ఇంత ఖాయంగా చెప్పినవాళ్ళు ఇదివరకు లేరు. అందుకని ఎగువ ఊళ్ళవాళ్ళు బుధవారమే ఆయిల్ ఇంజన్లు గట్టెక్కించి, పైపులు దించి, కాసుక్కూచున్నారు.

గురువారం నీళ్ళు లెక్క ప్రకారమే బయల్దేరాయి. చివరి చేనుకి చేరింది మాత్రం ఇంజన్ల చప్పుడొక్కటే.

"అల్లుడుగారూ, ఆ పది పాళ్ళూ వచ్చాయండీ," అన్నారు ఆదాం గారు ఫోన్లో.

ఆయన పెట్టేయగానే ఎగువ ఊరి రైతు యలమంద చేశాడు. "సార్, సూపర్ సార్ మీ లెక్క! చేను మొత్తం తడిపేశాం. ఈసారి ఇంకాస్త ముందే చెప్పండి సార్, పక్కూళ్ళో ఇంజన్లు కూడా అద్దెకి తెచ్చుకుంటాం."

ప్రసన్నకుమార్ చాలాసేపు ఆలోచించాడు. "మోడల్‌లో తప్పు లేదు. బయటికి చెప్పడమే తప్పు," అన్నాడు భార్య మహిమతో.

"ఓహో. అక్కడ మా నాన్న చేను వాలిపోతోంది. దాని సంగతేంటండీ?"

మళ్ళీ లెక్క వేస్తే నీళ్ళు మంగళవారం అని వచ్చింది. ప్రసన్నకుమార్ గ్రూపులో "పది రోజులదాకా కాలువలో చుక్క కూడా రాదు, నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు" అని రాశాడు. అబద్ధం కనక ఎనిమిది పాళ్ళు ధారాళంగా పెంచాడు.

"నాన్నకన్నా నిజం చెప్పండి."

"మీ నాన్నకి చెబితే చర్చి మైకులో చెప్పినట్టే. వద్దు."

ఎగువవాళ్ళు ఇంజన్లని ట్రాక్టర్లెక్కించి బోర్ల దగ్గరికి తీసుకుపోయారు. మంగళవారం ప్రసన్నకుమార్ సెలవు పెట్టి, మహిమని ఎక్కించుకుని, కాలువ గట్టు మీద బండి నడిపాడు. పక్కనే నిండుగా నీళ్ళు. వాటిని దాటుకుని ముందుకొచ్చాడు.

"చూశావా?"

"చూస్తున్నా. ముందర కాలువలో ఆ ఎరుపేంటండీ?"

కల్లంలో చోటు చాలక, మొదటి కోతలో మిగిలిన కాయని ఆదాం గారు ఎండిన కాలువలో ఆరబోశారు. కింద సిమెంటు, రెండు పక్కలా గోడలు, కాయ గాలికి పోదు.

"మామయ్యగారూ, ఎత్తేయండి! నీళ్ళొస్తున్నాయి!"

"రావండీ. మీరే చెప్పారుగా, తొంభై ఎనిమిది."

"అది అబద్ధమండీ!"

కాలువలో నిలబడి కాయ తిరగేస్తున్న ఆదాం గారికి అల్లుడి మీద జాలేసింది. "మా ఊరంతా మిమ్మల్ని ఎగతాళి చేస్తుంటే నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. మిమ్మల్ని మీరే నమ్ముకోకపోతే ఎట్లాగండీ?"

ఆ మాట పూర్తయ్యేసరికి నీళ్ళు ఆయన మోకాళ్ళు దాటాయి. కూలీలు గంపలతో దిగారు, మహిమ చున్నీతో దిగింది. కాయ ఎవరికీ దొరక్కుండా ఎర్రగా గుంపు కట్టి చివరి తూముదాకా కొట్టుకుపోయింది. అక్కణ్ణించి పోవడానికి ఇంకో చోటు లేదు కనక ఆదాం గారి చేలోకే దూరి, ఏ చెట్లనుంచి కోశారో ఆ చెట్ల మొదళ్ళ దగ్గరే ఆగింది.

ఆదాం గారు గట్టు మీద నిలబడి కాయ వంకా, తడిసిన సాళ్ళ వంకా మార్చి మార్చి చూశారు. "కాయ సగం రంగుపోయి తాలవుద్ది. తడి మాత్రం దండిగా పడింది," అన్నారు చివరికి. "ఈసారి అబద్ధం చెప్పేటప్పుడు నాకు నిజం చెప్పండి అల్లుడుగారూ."

ప్రసన్నకుమార్ ప్యాంటు మడిచి, పొద్దుగూకేదాకా బురదలో మిరపకాయలు ఏరాడు.

మర్నాడు యలమంద మళ్ళీ ఫోన్ చేశాడు. "సార్, చుక్క రాదన్నారు, నిన్న కాలువ నిండా వచ్చాయి. సరే, రేపు వానొస్తదా సార్?"

ప్రసన్నకుమార్ బాగా ఆలోచించి, "నాకు తెలియదండీ," అన్నాడు.

గంటలో కాలువ పొడుగునా కల్లాలన్నిటి మీదా పట్టాలు కప్పేశారు.