ఛార్జి అప్పగించని రక్తం

జిల్లా ఆసుపత్రి తలసేమియా వార్డులో పిల్లలకు ఎక్కే రక్తం డెప్యుటేషన్ మీద వస్తుంది. వచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు హాజరుపట్టీలో సంతకం పెట్టాలి. గడువు మూడు వారాలు. ఆ తర్వాత కొత్త రక్తానికి ఛార్జి అప్పగించి వెళ్లిపోవచ్చు. రిలీవర్ రాకుండా ఎవరినీ వదలకూడదని నియమం.

తొమ్మిదేళ్ల బానోతు కీర్తన ఒంట్లో పనిచేస్తున్నది ఒక బస్సు కండక్టరు ఇచ్చిన రక్తం. మే ఇరవైకి దాని గడువు దాటి ఎనిమిది రోజులైంది. కాలేజీలకు సెలవులు గనుక రక్తదాన శిబిరాలు లేవు, రిలీవర్ రాలేదు. పాప పెదవులు తెల్లబడ్డాయి. బాత్రూముకు వెళ్తూ మధ్యలో కూర్చుండిపోతోంది.

ఆ ఉదయం రక్తం తరఫున ఒక ఎర్రకణం సీనియర్ అసిస్టెంట్ పరాంకుశం బల్ల దగ్గరికి వచ్చింది. కంటికి ఆనదు కనుక దాన్ని గాజుపలక మీద కూర్చోబెట్టి, ఆయన మైక్రోస్కోపులోంచి మాట్లాడాడు.

"వెళ్తాను సార్. సగం మంది చెప్పకుండానే పోయారు."

"చెప్పకుండా పోతే సర్వీసులో బ్రేక్ పడుతుంది."

"పడనివ్వండి. మోసి మోసి నడుం పోయింది."

కీర్తన నానమ్మ మాలీబాయి బల్ల పట్టుకుని వంగింది. ఎవరినీ సాగనంపడం ఆమెకు చేతకాదు. బస్సెక్కేవాళ్ల సంచీ కూడా ఒక పట్టాన వదలదు.

"అయ్యా, పొద్దుగూకేదాకా ఉండు."

"నాలుగు రోజుల నుంచి ఇదే మాట చెబుతున్నావమ్మా."

"ఐదో రోజు గూడ చెప్త. ఏం జేస్తవ్?"

"ఆఖరి స్టాపు రాకుండా దింపేయడం మా ఇంటా వంటా లేదులే" అంది కణం.

రిలీవర్ పన్నెండూ పదికి వచ్చింది. పెళ్లిళ్లలో సన్నాయి ఊదే ఒకాయన రక్తం. ఉత్తర్వులో చిరునామా తప్పు పడి పొద్దున్నుంచీ పశువుల ఆసుపత్రిలో కూర్చుందట.

పన్నెండు దాటితే చేరిక రేపటికి పోతుంది. పరాంకుశం స్టూలెక్కి గోడ గడియారాన్ని తొమ్మిదీ యాభై ఐదుకి తిప్పాడు. ఆసుపత్రి అంతా ఆ గడియారం ప్రకారమే నడుస్తుంది గనుక మూసిన ఓపీ కిటికీ మళ్లీ తెరిచారు. తిప్పి పంపిన ఇద్దరు బాలింతలను పిలిచి చూశారు. తెరిచిన టిఫిన్ డబ్బాలు మూసుకున్నారు. అభ్యంతరాలు మూడు తర్వాతే తీసుకుంటారు కనుక ఎవరూ ఏమీ అనలేదు.

పాత కణం పద్ధతిగా ఛార్జి అప్పగించింది.

"నిల్వ ఇనుము, ఉండాల్సినదానికంటే ఎక్కువ. మందు వాడుతున్నారు. పాప ఎడమ పక్కకు పడుకుంటుంది. ఒంట్లో బాగుంటే మెట్లు రెండేసి ఎక్కుతుంది, గాలి ఎక్కువ మోయాలి, చూసుకో."

"గాలి సంగతి మాకు కొత్త కాదు" అంది సన్నాయి రక్తం.

సాయంత్రానికి కీర్తన పెదవులకు రంగు వచ్చింది. పులిహోర కావాలని పేచీ పెట్టింది. పాత కణం సెలవు తీసుకుంది. మాలీబాయి ఖాళీ గాజుపలకను కాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చేసింది.

పరాంకుశం అప్పుడే, కీర్తనకు మళ్లీ రక్తం కావాల్సిన జూన్ పదో తేదీ కాగితం నోటీసు బోర్డుకు అంటిస్తున్నాడు. రోగి పేరు టైపు చేసి ఉంది, రక్తం ఎవరిదో రాసే గడి ఖాళీగా ఉంది. దారిన పోయేవాళ్లు దాన్ని చదివి, పాపం అనుకుని, వెళ్తున్నారు. ఇరవై మూడు మంది అలా వెళ్లాక ఎలక్ట్రీషియన్ ఒకడు ఆగాడు.

"సార్, పెన్నుందా?"

పెన్ను బల్లకు తాడుతో కట్టి ఉంది. బోర్డు దాకా అందలేదు. పరాంకుశం బల్లనే జరిపాడు.