డి విటమిన్ ధర్నా

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి సన్యాసమ్మ ప్లాస్టిక్ స్టూలు చంకన పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరింది. ముందు అరగంట వైద్యం, తర్వాత చేపల పులుసు. ఆ రోజుకి ఆమె అనుకున్న పనులు ఈ రెండే.

పలాస నుంచి కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లో కొడుకు ఇంటికి వచ్చి రెండు నెలలైంది. మోకాళ్ల నొప్పులని ముందురోజు ఆసుపత్రికి వెళితే, నర్సు శిప్రా డి విటమిన్ మాత్రలు చేతికిచ్చి ఓపిగ్గా బెంగాలీలో చెప్పింది: వారానికి ఒక్కటే మాత్ర, రోజూ అరగంట "రోద్దురే" కూర్చోవాలి. అంటే ఎండలో. మాత్రల లెక్కా, అరగంట కూర్చోవడమూ సైగలతో చూపించింది కాబట్టి సరిగ్గానే అర్థమయ్యాయి. "రోద్దురే" మాత్రం సన్యాసమ్మకు "రోడ్డు" అని వినపడింది.

రేవుకి వెళ్లే రోడ్డు నడిమధ్య స్టూలు వేసుకు కూర్చుంది. ఆటో ఆగింది. దాని వెనక మినీబస్సు ఆగింది. హారన్లు విని కోడలు అప్పలలక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

"ఓలత్తా, ఇదేటి? లెగు!"

"నాను నెగను. అరగంట కూకోమని నర్సమ్మ సెప్పింది."

"రోడ్డు మీదా?"

"మోకాళ్లు నావా, నీవా?"

అంతలో పక్కింటి సువర్ణ, ఆమెదీ పలాస వైపే, ఖాళీ బిందెతో వచ్చింది. "తొమ్మిది రోజులై కుళాయికి సుక్క నీల్లు రాలేదు. అడిగీవోల్లే లేరనుకున్నాను పిన్నీ. నువ్వైనా కూకున్నావు!" అంటూ పక్కనే చతికిలబడింది. ఆమెను చూసి మరో పది బిందెలు దిగాయి.

పావుగంటలో బస్సుల వరుస వంతెన దాకా పాకింది. ఎస్సై వచ్చి, "మాషీమా, ఎవరు కూర్చోమన్నారు?" అని హిందీలో అడిగాడు.

"నర్సు," అంది సన్యాసమ్మ, కోడలు ఆ మాట తెలుగులో చెప్పాక.

ఆసుపత్రివాళ్లు కూడా ఆందోళనలోకి దిగారని ఎస్సై పైవాళ్లకు ఫోన్ చేశాడు. పైవాళ్లు కంగారుపడి నీళ్ల ఇంజనీరునూ, నర్సునూ ఒకే జీపులో పంపించారు.

శిప్రా సూర్యుడి వైపు వేలు చూపిస్తూ "రోద్దుర్! రోద్దుర్!" అని మొత్తుకుంది.

"ఎండలో కూకోమందత్తా, రోడ్డులో కాదు," అని అప్పలలక్ష్మి విడమరిచింది.

సన్యాసమ్మ సిగ్గుపడి లేవబోయింది. ఇంజనీరు ముఖం వెలిగింది. "అంటే ఇదంతా పొరపాటేనన్నమాట! పదండి, పదండి," అని జీపు వైపు తిరిగాడు.

ఆ మాట కోడలి నోట తెలుగులో వినగానే సన్యాసమ్మ మళ్లీ కూర్చుంది.

"పొరపాటు నా సెవిది. ఈ బిందెలేటి, పొరపాటున ఖాళీగున్నాయా? నీల్లొచ్చీదాకా నెగనని సెప్పు!"

ఇంజనీరు నర్సు వైపు దీనంగా చూశాడు. శిప్రా బిందెలను చూసింది. "ఈమెకు విటమిన్ మరీ తక్కువ. ఇప్పుడు లేపడానికి వీల్లేదు," అంది.

మధ్యాహ్నానికల్లా గొట్టం బాగైంది. కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, ఆపైన తేటగా పారింది.

మర్నాడు పక్క గల్లీ ఆడవాళ్లు పదిహేనుమంది ఆసుపత్రికి వచ్చి, తమ వీధిలో దీపాలు వెలగడం లేదనీ, తమకూ డి విటమిన్ రాసిమ్మనీ శిప్రాను అడిగారు.